కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: గ్లోబల్ ఫండ్‌కి మన వాటా పెంచండి

మంత్రి గారూ, నమస్కారం అండి.

2025 నవంబర్‌లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన విరాళాల సదస్సులో ఎయిడ్స్, టీబీ, మలేరియా మీద పనిచేసే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్‌కి 18 బిలియన్ డాలర్లు అడిగితే 11.34 బిలియన్లే హామీ వచ్చాయి, 2022లో 15.7 వచ్చాయి సార్, అమెరికా బ్రిటన్ రెండూ చెయ్యి బిగించేశాయి.

డబ్బు తగ్గితే మందు ఆగుతుంది. మా వీధిలో ఒకాయన టీబీ మాత్రలు వేసుకుంటుంటే మూత్రం నారింజ రంగులో వస్తోందని భయపడి మానేస్తానన్నాడు, ఆశా వర్కర్ ఇంటికొచ్చి అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్లే, ఏం కాదు అని నచ్చజెప్పి ఆరు నెలల కోర్సు పూర్తి చేయించింది. మధ్యలో ఆగిపోతే మందులకి లొంగని మొండి టీబీ అయ్యే ప్రమాదం, అది పక్కవాళ్ళకీ అంటుకుంటుంది. ఆఫ్రికాలోని మలావీ లాంటి దేశాల్లో హెచ్‌ఐవీ మందులు కూడా చాలావరకు ఈ ఫండ్ డబ్బుతోనే వస్తాయి, అక్కడ ఆపేస్తే వాళ్ళు ఎవర్ని అడగాలి?

ఇంకోటి సార్. హెచ్‌ఐవీ సోకకుండా ఏడాదికి రెండే ఇంజెక్షన్లు వేసే మందు వచ్చింది, పేరు లెనకాపవిర్, దాన్ని మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి ఒక మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే 120 దేశాలకి ఇస్తామన్నాయి. నిజంగా గర్వంగా ఉంది. కానీ కొనడానికి ఆ దేశాల దగ్గర డబ్బులుండాలి కదా.

2022లో మన దేశం 25 మిలియన్ డాలర్లు ఇస్తామంది. ఇప్పుడు మనం అంతకన్నా చాలా ఎక్కువే ఇవ్వగలం, దయచేసి పెంచండి, ఎంత పెంచారో పార్లమెంటులో చెప్పండి.