ఖాళీ తూటాలను మా దుకాణంలో ఎందుకు నింపమో

అనంతపురంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఉన్న మా ఖాతాదారులకు నమస్కారం.

పన్నెండు బోరు తూటాలు మా దుకాణంలో కొన్నాళ్ళుగా దొరకడం లేదు. వేరుశనగ కాయ గట్టిపడి, అడవిపందులు రాత్రికి రాత్రి చేను పెళ్ళగించే ఈ రోజుల్లో మీకిది ఎంత ఇబ్బందో నాకు తెలుసు. సరుకు రాక కాదు, వచ్చిన సరుకును నేనే ఆపాను.

ఆ సరుకులోని తూటా పేల్చిన రైతు ఒకరు తుపాకీ పట్టుకొచ్చి, "తుస్సుమంది సామీ, గుండ్లు ఎక్కడ పడ్డాయో తెలీలేదు" అన్నారు. తుపాకీ మడిచి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి వెలుగు కనబడలేదు. కర్రతో నెట్టగా గొట్టంలో ఇరుక్కున్న బిళ్ల (మందుకూ గుండ్లకూ మధ్య ఉండేది) ఊడివచ్చింది, దాని వెంట కాలని మందు పలుకులు ఆవగింజల్లా రాలాయి. ఆయన వెంటనే రెండో తూటా పేల్చి ఉంటే గొట్టం ఉబ్బేది, లేదా చీలేది. ఈ సంగతి సరఫరాదారుకు చెబితే, మీ సీమ రైతులు తుపాకులు తుడవరని, తుప్పు గొట్టంలో ఏ తూటా అయినా ఇరుక్కుంటుందని జవాబిచ్చారు. గొట్టానికి తుప్పు పడితే తూటాలో మందు ఎందుకు కాలలేదో మాత్రం చెప్పలేదు. పైగా సగం ధరకు వదిలించుకోమని సలహా ఇచ్చారు. మా నాన్నగారి కాలం నుంచి సాగిన వ్యవహారం అక్కడితో తెగిపోయింది. ఆ సరుకు డబ్బు తిరిగి రాకపోయినా, మీ మీద అన్న ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నేను ఫోను చేయను.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఖాళీ తూటాలు తెచ్చి చేత్తో నింపిమ్మని చాలామంది అడిగారు. తయారీ లైసెన్సు ఉన్న చోట పనిచేసినప్పుడు మా నాన్నగారు నేర్చిన పని అది. టోపీ (మందుకు నిప్పంటించేది), మందు, బిళ్ల, గుండ్లు ఏ వరుసలో కూర్చాలో నాకూ తెలుసు కనుక, నాకు చేతకాదని బజారులో అన్నవారు తమ మాట సరిదిద్దుకోవాలి. మా లైసెన్సు అమ్మకానికే గాని తయారీకి కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. పైగా పాతకాలపు నల్ల తుపాకీమందు నాటి కొలగిన్నెతో ఇప్పటి పొగలేని మందు పోస్తే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది.

300 మీటర్ల రైఫిల్ పోటీలకు సిద్ధమవుతున్న తమ్ముడొకరు, విదేశాల్లో దూరం వేటకు వెళ్ళేవారు ఎవరి తూటా వారే నింపుకుంటారు కదా అని వాదించారు. నిజమే, అంత దూరంలో గురి కుదరాలంటే మందును గ్రెయినులో పదో వంతు దాకా తూచాలి. గ్రాముకు పదిహేను గ్రెయిన్ల పైచిలుకు. అయితే చలికాలంలో సరిపోయిన కొలతే మన మే నెల ఎండలో పీడనం పెంచుతుంది. తూటాకు ఒరలా ఉండే ఇత్తడి కేసు పేలినప్పుడల్లా సాగి, మళ్ళీ అచ్చులో నొక్కినప్పుడల్లా కుదించుకుని, చివరికి అడుగుకు కాస్త పైన పలచబడుతుంది. అక్కడ చుట్టూ సన్నని మెరుపు గీత కనబడితే ఆ కేసు ఎప్పుడైనా తెగవచ్చు, తెగితే వేడి వాయువు కాల్చేవారి ముఖం మీదికే వస్తుంది. ఆ తమ్ముడు తెచ్చిన ఖాళీ కేసుల్లో నాకు ఆ గీత కనిపించింది.

ఆ సరుకులోని తూటాలు మీ దగ్గర మిగిలి ఉంటే లైసెన్సు పుస్తకంతో సహా తీసుకురండి. బిల్లు లేకపోయినా మా రిజిస్టరులో పద్దు ఉంటుంది, పూర్తి ధర ఇస్తాను. ఏ తూటా అయినా పేలకపోతే గొట్టాన్ని ఖాళీ నేలవైపే ఉంచి, అరనిమిషం ఆగి తెరవండి. శబ్దం తగ్గితే గొట్టం చూడకుండా మరొకటి పేల్చకండి. కొత్త సరుకు వేరే చోటినుంచి వస్తోంది, ధర కొంచెం ఎక్కువే, బేరం వద్దు. నింపమని ఖాళీ తూటాల సంచులు వదిలివెళ్ళినవారు ఈ వారంలో వచ్చి తీసుకుపోవాలి.