మా సదనంలో గంట ఆరింటికి కొట్టనివ్వండి

జిల్లా శిశు సంక్షేమ అధికారి గారికి నమస్కారం.

ఆడపిల్లల సదనంలో తొమ్మిదేళ్లుగా కేర్‌టేకర్‌ని. నిరుడు దూరవిద్యలో పిల్లల వికాసం, కౌమార దశ మీద ఒక కోర్సులో చేరాను. పిల్లలు పడుకున్నాక హాల్లో కూర్చుని చదువుకుంటాను. చదివేకొద్దీ నా తప్పులే కనబడుతున్నాయి.

ఐదింటికి గంట కొట్టగానే లేవని పెద్దపిల్లల్ని బద్ధకమని ఎన్నిసార్లు తిట్టానో! నిద్ర రప్పించే మెలటోనిన్ ఆ వయసులో రాత్రి ఆలస్యంగా ఊరుతుందట. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మా పిల్లలకు ఆరు గంటలు దొరికితే గొప్ప.

2015 బాలల న్యాయ చట్టం కింద ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలి కదండీ. ఒకమ్మాయి కాగితంలో 'మొండి' అని రాయించింది నేనే. అప్పటికి ఆ పిల్ల ఇల్లు వదిలొచ్చి పదిరోజులు. ఇప్పుడైతే ఆ మాట రాయించను.

అడిగేవి రెండే. గంట ఆరింటికి మార్చండి. నా పరీక్షల ఐదు రోజులూ బదులు మనిషిని పంపండి. కిందటిసారి సెలవడిగితే "ఈ వయసులో చదువెందుకమ్మా" అన్నారు. ఫీజు నేనే కట్టుకున్నాను లెండి, అది అడగడం లేదు.

ఇట్లు,
ఒక కేర్‌టేకర్