మూడు తెల్ల స్పూన్లు

షిజువోకా,
జూన్ 21, ఆదివారం

నాన్నా, అమ్మా,

నేను బాగానే ఉన్నాను. మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఆవకాయ అందింది. నూనె కాస్త కారి చెల్లి పెట్టిన కవరు ఎర్రబడింది గానీ జాడీకి ఏమీ కాలేదు. మాగాయ కూడా పెట్టావేమో అని సంచంతా వెతికాను. పెట్టలేదు.

పోయిన ఆదివారం ఫోను మధ్యలో పెట్టేసినందుకు ఏమీ అనుకోకు నాన్నా. సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాను గానీ సిగ్నల్ ఏమీ పోలేదు. "ముప్ఫయ్యేళ్లు వస్తున్నాయి, ఇంకా బొమ్మకార్లేంట్రా" అని నువ్వనేసరికి చివుక్కుమంది. ఇంకెవరన్నా అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. నలభయ్యేళ్లు ఆటోనగర్‌లో కార్లకు లప్పం పెట్టినవాడివి, నువ్వనకూడదు కదా.

ఆఫీసు గురించి చెప్పడానికేమీ లేదు. పని ఉంది, జీతం వేళకి పడుతోంది. పైన కొత్తాయన వచ్చాడు, ఎక్కువ మాట్లాడడు. అంతే.

ఇక్కడ వానాకాలం మొదలైంది. మన వానలా దంచి కొట్టి వెలిసేది కాదు, రోజంతా నసుగుతూనే ఉంటుంది. బట్టలు గదిలోనే ఆరేసుకుంటున్నాను. నాతో ఉండే గుంటూరబ్బాయి ఏప్రిల్‌లో టోక్యో వెళ్లిపోయాడు కదా, ఆ గది ఖాళీగానే ఉంది. అదే నా షెడ్డు. షెడ్డంటే ఒక బల్ల, రంగు కొట్టడానికి పక్కకి పడుకోబెట్టిన అట్టపెట్టె, కిటికీలో బయటికి తిప్పి పెట్టిన ఫ్యాను. ఆ ఫ్యాను తిరుగుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది.

ఈ ఊరి సంగతి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. జపాన్‌లో తయారయ్యే, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ మోడళ్లలో చాలా భాగం ఇక్కడివే. టామియా, ఆవోషిమా, ఫుజిమీ కంపెనీలన్నీ ఈ ఊరివే. ఏటా మే నెలలో పెద్ద ప్రదర్శన పెడతారు. తల నెరిసినవాళ్లు, ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్లు, వంగి అరంగుళం డోరు గీతని అలా చూస్తూ నిలబడతారు. వాళ్లనెవరూ ఇదేం పిచ్చి అని అడగరు.

నా బండి కథ విను. ఫిబ్రవరిలో ఒక పాతసామాన్ల కొట్లో, విరిగినవన్నీ పడేసే డబ్బాలో దొరికింది. మోరిస్ మినీ, అసలు కారులో 24వ వంతు. మూడొందల యెన్లు. బాడీ పదమూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. మోరిస్ అన్న పేరు చూసే కొన్నాను. మన అంబాసిడర్ ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందేనని బానెట్ ఎత్తి చూపించేవాడివి కదా. ఎవరో దీన్ని సగం చేసి వదిలేశారు. బ్రష్షుతో ఎర్రరంగు మందంగా పూశారు, లైట్లు పెడదామనేమో టాప్ మీద నాలుగు కన్నాలు పొడిచారు. అచ్చం మన షెడ్డు ముందుకి తాడు కట్టి లాక్కొచ్చిన బండిలా ఉంది.

రంగు పోవడానికి ఆల్కహాల్లో రెండ్రోజులు నానబెట్టాను. సగమే పోయింది. కన్నాల్లో ముందు ప్లాస్టిక్ పుల్లలు దోపి, అతికించి, ఆరాక కోసేసి అప్పుడు లప్పం పట్టుకున్నాను. రేకు సరిచెయ్యకుండా గుంటనంతా లప్పంతో నింపేవాడు కార్ల మేస్త్రి కాదు, తాపీ మేస్త్రి అని కుర్రాళ్లని తిట్టేవాడివి. నాకు గుర్తే.

ఇక్కడ లప్పం రెండు రకాలు. ఒకటి పళ్లపేస్టులా ట్యూబులో వస్తుంది. అందులోని థిన్నర్ ఎగిరిపోతే గట్టిపడుతుంది. కానీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఇవాళ సమంగా రుద్దిన చోటే వారం తర్వాత గుంట తేలుతుంది. తొందరపడి మందంగా పెట్టామా, ఆ థిన్నర్ ప్లాస్టిక్‌నే మెత్తబరిచేస్తుంది. రేకుకి ఆ బాధ లేదు, నువ్వు అదృష్టవంతుడివి. రెండోది మన డబ్బా లప్పంలాంటిదే, పాలియెస్టర్, గట్టిపడడానికి హార్డెనర్ కలుపుకోవాలి. మూత తియ్యగానే గదంతా నీ చొక్కా వాసన. కాసేపు మూత పెట్టలేదు.

ఎండాకాలం హార్డెనర్ తగ్గించి, చలికాలం కాస్త పెంచి, అంతా కంటితోనే కొలిచేవాడివి. నేనూ అలాగే కంటికొలతతో కలిపాను. బల్లమీద పెట్టింది పెట్టినట్టే రాయైపోయింది. రెండోసారి కుదిరింది.

ఇంకో వెధవ పని కూడా చేశాను, నవ్వకు. ముందు ఫెండర్ల దగ్గర సన్నగా పైకి లేచిన గట్టులా ఉంటే, ప్లాస్టిక్ పోసిన అచ్చు కలిసిన చోట మిగిలిన గీత అనుకుని నున్నగా రుద్దేశాను. తర్వాత అసలు మినీ ఫొటోలు చూస్తే అది గీత కాదు, ఆ కారుకి రేకులు వెల్డింగ్ చేసిన అంచు బయటికే ఉంటుంది! ముందు బండి చూడరా, తర్వాత గరుకు పేపరు పట్టుకో అని నువ్వు లక్షసార్లు అన్నావు. కొవ్వొత్తి మీద ప్లాస్టిక్ పుల్ల వేడిచేసి దారంలా సాగదీసి, ఆ అంచుని మళ్లీ అతికించాను. రెండు సాయంత్రాలు పట్టింది. నిజం చెప్పాలంటే ఆ రెండు సాయంత్రాలే ఈ నెలలో హాయిగా గడిచాయి.

నువ్వు కళ్లు మూసుకుని డోరు మీద అరచెయ్యి రాస్తుంటే బండివాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. ఇక్కడ అరచెయ్యి పట్టే చోటెక్కడిది, వేలికొసే. టాప్ కంటికి అద్దంలా కనిపించింది. లైటార్పి బొటనవేలితో రాస్తే మూడో కన్నం దగ్గర చిన్న పల్లం తగిలింది. మళ్లీ లప్పం, మళ్లీ 400 పేపరు, 600 పేపరు.

అమ్మా, ఏలూరు సంబంధం వాళ్లతో "మావాడికి కార్ల పిచ్చి" అన్నావట. వాళ్లు నాకు కారుందనుకున్నారు. ఏ కారండీ అని ఆ అమ్మాయి మొన్న మెసేజ్ పెట్టింది. ఫొటో పంపాను. ఇంకా జవాబు రాలేదు.

ఇక గులాబీ సంగతి. బూడిదరంగు ప్రైమర్ కొట్టాను, గీతలన్నీ బయటపడ్డాయి, వెయ్యి నంబరు వాటర్ పేపరుతో రుద్ది మళ్లీ కొట్టాను, దానిమీద తెలుపు. రాత్రి పడుకునేటప్పుడు మల్లెపువ్వులా ఉంది. పొద్దున లేచి చూస్తే డోర్లు, టాప్ అంతా గులాబీ. అడుగున మిగిలిన ఎరుపు ప్రైమర్లోంచి కూడా పైకి ఊరింది. వెంటనే ఆ ఎర్రజీపు గుర్తొచ్చింది. "నా జీపుని పెళ్లికూతుర్ని చేశావేంటయ్యా" అని ఆయన షెడ్డు ముందు గోల చెయ్యలేదూ? నువ్వేమీ మాట్లాడకుండా మొత్తం రుద్ది, మధ్యలో సిల్వర్ ఒక కోటు ఇచ్చి, దానిపైన తెలుపు కొట్టావు. నేనప్పుడు ఎనిమిదో తరగతి, పేపరు తడిపి అందించే పని నాది. సిల్వర్ ఎందుకని అడగనే లేదు. ఎప్పుడు ఇంటికి పోదామా, క్రికెట్టు చూద్దామా అని తప్ప. ఇప్పుడు అదే చేశాను. ఎరుపు ఆగింది.

కాకపోతే కోట్లు ఎక్కువైపోయాయి. పదోవంతు మిల్లీమీటరు మందాన రంగు పడిందనుకో, 24తో హెచ్చవెయ్యి, అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు మెత్తినట్టు లెక్క. డోరు గీతలు పూడిపోతాయి. అందుకని రంగుకి ముందే గీతలన్నీ సూదితో ఇంకాస్త లోతు చేసుకోవాలి. నేను వెనక డిక్కీ మూత దగ్గర మర్చిపోయాను. ఇప్పుడది తెరుచుకునే మూతలా లేదు, గీసిన బొమ్మలా ఉంది. అంతా మళ్లీ తీసేసి మొదటినుంచి కొట్టాలి. ఈ తేమలో కొడితే రంగు పాలిపోయి మబ్బు పడుతుంది, నీకు చెప్పక్కర్లేదు. వానలు తగ్గేదాకా ఆగాల్సిందే.

అమ్మా, ఆ వాసనలు పీలుస్తున్నానని నువ్వు భయపడకు. నా మాస్కుకి రెండు పక్కలా బొగ్గు ఫిల్టర్లుంటాయి, అది లేకుండా రంగు మూతే తియ్యను. కొట్టాక గంటసేపు ఆ గదిలోకి పోను. భయపడాల్సింది నా గురించి కాదు.

నాన్నా, చెల్లి చెప్పింది. దగ్గు తగ్గలేదట, డాక్టరు రంగు కొట్టే గన్ను ముట్టుకోవద్దన్నా పోయిన వారం రెండు బండ్లు కొట్టావట. "అలవాటేలే" అనకు. నలభయ్యేళ్లు ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టావు, ఆ రుమాలు దుమ్మునే సరిగ్గా ఆపదు, థిన్నర్ ఆవిరిని ఏమాపుతుంది? సాయంత్రం దాన్ని ఉతికితే ఏ రంగు నీళ్లొస్తే ఆ రోజు ఆ కారు అని నేనూ చెల్లీ పందెం కాసేవాళ్లం. అది ఆట అనుకున్నాం. ఇన్నాళ్లూ నీకొక మాస్కు కొనాలన్న ఆలోచన నాకు రాలేదు. నాకోసం కొనుక్కున్న రోజున వచ్చింది. ఆగస్టులో వచ్చే అబ్బాయితో నీ సైజుది పంపిస్తున్నాను. వాటర్ పేపరు పనికీ, లప్పం పనికీ పెట్టుకో. హార్డెనర్ కలిపే ఆ రెండు డబ్బాల పెయింటుకి మాత్రం ఈ మాస్కు చాలదు, అది కుర్రాళ్లకి కూడా మంచిది కాదు. నువ్వైతే ఆ గన్ను జోలికే వెళ్లొద్దు. డబ్బుకోసమైతే చెప్పు. డబ్బుకోసం కాదంటావని నాకు తెలుసు.

అన్నట్టు, ఈ ఊరికి బొమ్మల పని ఎలా వచ్చిందో తెలుసా? ఎప్పుడో గుడి కట్టడానికి వచ్చిన వడ్రంగులు ఇక్కడే ఉండిపోయారట, ముందు చెక్కపని, తర్వాత చెక్క మోడళ్లు, తర్వాత ప్లాస్టిక్. అది విన్నప్పుడు అమ్మమ్మావాళ్ల కొండపల్లి గుర్తొచ్చింది. పొణికి చెక్క బొమ్మకి చేతులు అతకడానికి చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపి మక్కు అని పెడతారు కదా, అది లప్పం కాక మరేంటి? అమ్మవైపు మక్కు, నీవైపు లప్పం. ఇంక నాకు బొమ్మకార్ల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే నేనేం చెప్పను.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, కవర్లో మూడు ప్లాస్టిక్ స్పూన్లున్నాయి. ఇక్కడివాళ్లు ఏ రంగైనా ముందు స్పూను మీద కొట్టి చూసుకుంటారు. వంపుంటుంది కాబట్టి బానెట్ మీద ఎలా మెరుస్తుందో తెలిసిపోతుంది. వెనకాల 1, 2, 3 అని రాశాను. ఒకటో దాంట్లో తెలుపుకి పసుపు చుక్క, రెండో దాంట్లో పసుపుతో పాటు నలుపు చుక్క, మూడో దాంట్లో కాస్త గోధుమరంగు. షావుకారు అంబాసిడర్ తెలుపు వీటిలో ఏది? మళ్లీ కొట్టేటప్పుడు ఈ మినీకి ఆ తెలుపే వెయ్యాలి. నా కంటికి రెండోది అనిపిస్తోంది, కానీ ఆ కారు చూసి పదిహేనేళ్లయింది. ఫోన్లో ఫొటో పంపితే రంగు మారిపోతుంది. ట్యూబులైటు కింద చూడొద్దు, పొద్దున పదిలోపు గుమ్మం బయట నీడలో చూడు. ఆ మాట నువ్వు చెప్పిందే. ఏదీ కాకపోతే ఏది ఎంత తక్కువైందో చెప్పు, కలిపి మళ్లీ పంపుతాను.

ఆదివారం ఫోను చేస్తాను. ఈసారి సిగ్నల్ బాగానే ఉంటుంది.

అమ్మా, ఆ స్పూన్లు మామూలు స్పూన్లలో కలిపి తోమేయకు.

మీ
చిన్నోడు