మైదానంలో ముగ్గు గీసేవారి తరఫున క్రీడా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడలు, యువజన సేవల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ పట్టణంలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు పనులు చూసుకునేవారిలో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. నేను ఆటగాడిని కాను, కోచ్‌నూ కాను. మ్యాచ్ అయిపోయాక జెర్సీలు లెక్కపెట్టి, మూటగట్టి ఇంటికి తీసుకుపోయి, మరుసటి ఆదివారానికి ఉతికి ఆరేసి తెచ్చేవాడిని. మా క్లబ్బులో జీతం తీసుకునేవారు ఒక్కరూ లేరు.

ఆదివారం మ్యాచ్ ఉందంటే మా పని శనివారం సాయంత్రమే మొదలవుతుంది. ఆర్టీసీలో మెకానిక్‌గా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, నాలుగు మూలలూ మట్టంగా రావాలని తాడుకు మూడు, నాలుగు, ఐదు మీటర్ల లెక్కన ముడులు వేసి, వాటిని ముక్కోణంగా బిగలాగి మేకులు కొడతారు. మధ్య వలయానికి తాడు 9.15 మీటర్లు, గోల్ గీత నుంచి పెనాల్టీ చుక్కకు 11 మీటర్లు, గీత వెడల్పు 12 సెంటీమీటర్లకు మించకూడదు. ఇవన్నీ ఆయనకు నోటికి వచ్చు. సున్నం పోస్తే కిందపడిన పిల్లల మోకాళ్లూ కళ్లూ మండుతాయని, ముగ్గుపిండి తప్ప మరొకటి వాడనివ్వరు. వలయం గీసే పని మాత్రం మా లెఫ్ట్ బ్యాక్ కుర్రాడి వాళ్లమ్మది. మేకుకు కట్టిన తాడు వెంట వంగి నడుస్తూ ఆమె వేళ్ల సందున వదిలే ముగ్గు సంక్రాంతి నాటి వాకిట్లో లాగే ఎక్కడా తెగదు. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు పిల్లలను తీసుకుపోయినప్పుడు, అందరూ బెంగాల్, కేరళ జట్ల ఆట చూస్తుంటే మా పెద్దాయన చాలాసేపు కార్నర్ గీతలనే చూస్తూ కూర్చున్నారు.

చిరిగిన నెట్లు అల్లేవారు, జెర్సీల మీద అంకెలు కుట్టిచ్చే టైలర్, పొరుగూరి మ్యాచ్‌లకు డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకుని పిల్లలను చేర్చే ఆటో డ్రైవర్, ఇంకా చాలామంది ఉన్నారు. మైదానం పక్కన ఉన్నది బోరు నీళ్లు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు కనుక, ఒకరి ఇంటి నుంచి క్యాన్లతో తాగునీరు వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మేము ఆడుకునే మైదానాన్ని సభలకు, ఎగ్జిబిషన్లకు, దీపావళి పటాకుల దుకాణాలకు అద్దెకిస్తారు. పట్టణంలో అంత ఖాళీ స్థలం మరోచోట లేనప్పుడు ఇవ్వక తప్పదని మాకూ తెలుసు. కానీ షామియానాలు విప్పుకుపోయినవారు గుంజల గుంతలను అలాగే వదిలిపోతారు. అలాంటి ఒక సభ తర్వాత, ఎండుగడ్డి కప్పేసిన గుంతలో మా పదమూడేళ్ల కుర్రాడి కాలు దిగబడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. మరునాడు తెల్లవారుజామున మావాళ్లు గడ్డపారలు, తట్టలు పట్టుకుని వచ్చి, చందాలు వేసుకుని తెప్పించిన మొరం పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టారు. ఆటో డ్రైవర్ పాత స్పీకర్లోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి మైదానమంతా ఈడ్చారు. రెండు గంటల్లో ఒక పెయింట్ డబ్బా నిండా మేకులు, తీగ ముక్కలు వచ్చాయి. అద్దె వసూలు చేసే కార్యాలయానికి వెళ్లి అడిగితే, మైదానం బాగుచేయించే షరతు రసీదులో లేదని మర్యాదగానే చెప్పి పంపారు.

బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిందని, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందని వేదికల మీద పెద్దలు చెబుతుంటే మాకూ గర్వంగానే ఉంటుంది. ఆ వేదిక కోసం తవ్విన గుంతలను పూడ్చేది ఎవరన్నది కూడా ఒకసారి చర్చకు రావాలని మా మనవి.

కాబట్టి, ప్రభుత్వ మైదానాన్ని ఎవరికి అద్దెకిచ్చినా, ఏ పార్టీ సభకైనా సరే, అద్దెతో పాటు డిపాజిట్ తీసుకునేలా ఉత్తర్వులు ఇప్పించండి. గుంతలు పూడ్చి, మేకులు ఏరిన తర్వాత, అక్కడ రోజూ ఆడే క్లబ్బుల తరఫున ఒకరు చూసి సంతకం చేస్తేనే ఆ డిపాజిట్ వాపసు ఇవ్వాలి. దీనికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చేమీ ఉండదు. దీంతో పాటు, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మావంటివారికి ఒక్కరోజు ప్రథమ చికిత్స శిక్షణ ఇప్పిస్తే మేలు. ఆ కుర్రాడి కాలు విరిగిన రోజు దాన్ని కదపకుండా అట్టముక్కలతో కట్టాలని మాలో ఎవరికీ తెలియక, ఇద్దరం చంకల కింద పట్టుకుని నడిపించాం. వాడు పళ్లు బిగపట్టి నడిచాడు. ఆ తప్పు మాదే.

జాతీయ క్రీడా దినోత్సవం నాడు మాకు శాలువాలు కప్పమని అడగడం లేదు; మా వాళ్లలో సగం మందికి వేదిక ఎక్కడమంటేనే మొహమాటం. డిపాజిట్ గురించిన ఉత్తర్వు మాత్రం వచ్చే దీపావళి దుకాణాలకు గుంజలు పాతేలోపు వస్తే, ఈసారి మొరం కోసం మేము చందాలు వేసుకోనక్కరలేదు.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కార్యకర్త