తోటకూర మడికి మందు కొట్టవద్దు

అందరికీ నమస్కారం.

నిన్న మన మురళీనగర్ కాలనీ తోటలో కుండీ జరిపితే, కింద నల్లటి పెంకు పురుగు కనిపించింది. దాదాపు 4 సెంటీమీటర్ల పొడవు, వీపు మీద ఆరు తెల్లని చుక్కలు. బొద్దింక అనుకుని ఒకరు చెప్పు ఎత్తారు, ఆపాను. అది మన కూరల జోలికి రాదు. పగలు రాళ్ల కింద, రాలిన ఆకుల కింద దాక్కుని, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. గొంగళి పురుగు దొరికితే కత్తెర లాంటి దవడలతో పట్టేస్తుంది. దీని చుట్టాన్ని ఒకదాన్ని 1905లో ఐరోపా నుంచి అమెరికాకు తెప్పించి మరీ గొంగళి పురుగుల మీదకు వదిలారు. మనకేమో ఖర్చు లేకుండా వచ్చింది!

దాని వేట చూడటానికి శనివారం రాత్రి 7:30కి తోట గేటు దగ్గర కలుద్దాం. టార్చి తెచ్చుకోండి. బూట్లు తప్పనిసరి, పక్కనే కొండ, పాములుంటాయి.

పురుగును చేత్తో పట్టుకోవద్దు. బెదిరితే ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రమాదం. పిల్లలకు ముందే చెప్పండి.

ఊడ్చేవారు గట్ల మీది ఎండుటాకులు వదిలేయండి.

మందు కొడితే గొంగళి పురుగులతో పాటు ఇదీ చస్తుంది. అందుకే స్ప్రే డబ్బా నా దగ్గరే ఉంది, అడిగినా ఇవ్వను.

వచ్చేవారు శుక్రవారంలోగా ఇక్కడ పేరు పెట్టండి. వాన పడితే ఆదివారం, అదే సమయానికి.