కారం గిర్నీ దిమ్మె: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

గిర్నీ కొన్న లెక్క పోయిన దసరా నాడే మీ ముందు చదివాం. ఇప్పుడు దాని కింద కాంక్రీటు దిమ్మెకని మళ్లీ ఇంటికి 500 ఎందుకని చాలామంది నిలదీశారు. అడగాల్సిన మాటే. అందుకే ఈ కాగితం.

మోటారుతో కలిపి మిషను 650 కిలోలు. కమ్యూనిటీ హాలు గచ్చు మీదే పెట్టి నాలుగు యాంకర్ బోల్టులు కొట్టించాం. పైకి గట్టిగా ఉంది కదా అనుకున్నాం, లోపల ఏముందో చూడలేదు. ఆ తప్పు కమిటీదే. మిర్చి సీజన్ మొదలై రోజంతా ఆడేసరికి నెల తిరక్కముందే రెండు బోల్టులు సిమెంటు పెచ్చులతో సహా లేచి వచ్చాయి. పగులు తలుపు దాకా పాకింది, అందులో రూపాయి బిళ్ల నిలువుగా దిగేది.

మన ఊరి అల్లుడు ఒకాయన సివిల్ ఇంజనీరు. ఆయన వచ్చి మూలకు డ్రిల్లు వేయించారు. మూడంగుళాలు దాటగానే మొరం పొడి వచ్చింది. స్టీలు లేదు. ఉత్త బరువైతే ఆ గచ్చు మోసేదే, తిరిగే మిషను అదురును పట్టాలంటే మాత్రం కింద దానికి మూడింతల బరువైనా ఉండాలన్నారు. ఐదడుగుల పొడవు, మూడున్నర వెడల్పు, రెండడుగుల లోతు దిమ్మె చెప్పారు. అది సుమారు 2.4 టన్నులు.

జమ: 84 ఇండ్ల నుంచి 42,000, బతుకమ్మ నిధిలో మిగిలిన 4,350, మొత్తం 46,350 రూపాయలు. ఇంకా 11 ఇండ్ల వాళ్లు ఇవ్వలేదు. పంట డబ్బు చేతికి రానివాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు, రాయం. అందరి రేటుకే వాళ్లూ కారం పట్టించుకోవచ్చు.

ఖర్చు: గచ్చు కట్టర్‌తో కోసి, గుంత తీసి, అడుగున దిమ్మిస కొట్టడానికి 6,000. సిమెంటు 8 బస్తాలు 2,880, ఇసుక, కంకర 4,500, స్టీలు 60 కిలోలు 3,900. మేస్త్రీకి, కూలీలకు 7,500. అదురు గోడలకు పాకకుండా దిమ్మెకూ పాత గచ్చుకూ నడుమ థర్మాకోల్ పెట్టించాం. ఆ షీట్లు, దిమ్మెలో దిగేసిన కొత్త బోల్టులు, మిషను కింద సందు నిండేలా పోసిన గ్రౌటు కలిపి 3,950. చైన్ పుల్లీతో మిషను ఎత్తి దించినందుకు 6,000. ఎక్కువే, కానీ మన పిల్లల కాళ్ల మీద పడితే ఏ డబ్బూ ఆదుకోదని వాళ్లతో ఎత్తించలేదు. వైరింగు, స్టార్టరు, బెల్టులు 9,600. ఇంజనీరు గారు ఫీజు వద్దన్నారు, పెట్రోలుకు 500 ఇచ్చాం. మొత్తం 44,830. నిల్వ 1,520.

దిమ్మె పోశాక 28 రోజులు గిర్నీ ఆపాం. మంచి సీజన్‌లో మూశారని కోపానికి వచ్చినవాళ్లున్నారు, వాళ్లకు క్షమాపణ. క్యూరింగు అయిపోయేదాకా పొద్దునా సాయంత్రం గోనె సంచులు తడిపింది ఎదురింటి అవ్వ. రూపాయి తీసుకోలేదు.

మొన్న గిర్నీ ఆడుతుండగా పక్కన గచ్చు మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి చూశాం. తొణకలేదు.

బిల్లులన్నీ పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. స్టీలుది మాత్రం చేతిరాత చిట్టీ. వచ్చే ఆదివారం లోపు పక్కా బిల్లు తెచ్చి పెడతాం.

ఇట్లు,
గిర్నీ కమిటీ