రేడియోగ్రఫీ చదువు గురించి అమ్మలుకు నాన్న ఉత్తరం

ఎడిసన్, న్యూజెర్సీ

చి. అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. నాలుగేళ్ల బయాలజీ డిగ్రీ మానుకుని కౌంటీ కాలేజీలో ఎక్స్‌రేలు తీయడం నేర్పే రేడియోగ్రఫీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేస్తానని కిందటి నెల నువ్వు భోజనాల దగ్గర చెప్పినప్పుడు నేను మారు మాట్లాడకుండా లేచిపోయాను. నీ మీద కోపం వచ్చి కాదమ్మా, ఆ చదువు సంగతి నాకేమీ తెలియక. అప్పటినుంచి వీలైనంత తెలుసుకుని, నిదానంగా చదువుకుంటావని కాగితం మీద పెడుతున్నాను.

నీకు ఆ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మంచు మీద జారిపడి మణికట్టు విరిగిన రోజున మీ నానమ్మ వాచిన చేతి మీంచి బంగారు గాజు తీయనివ్వక ఎక్స్‌రే గదిలో ఏడుస్తుంటే, నువ్వు సబ్బు నురుగు రాసి, తెలుగులో ఏవో కబుర్లు చెబుతూ గాజు తీసేశావు. ఆ టెక్నాలజిస్టు చేతిని ప్లేటు మీద ఆనించి, కదలకుండా చిన్న ఇసుక సంచి పెట్టి, గోడ వెనక్కి వెళ్లేదాకా నువ్వు కళ్లార్పకుండా చూశావు. అలాంటి పని మీద మనసు పడటాన్ని నేను తక్కువగా చూడను. మన వాళ్లందరి పిల్లలూ కంప్యూటర్ సైన్సే చదువుతున్నారన్నది నిన్ను ఆపడానికి కారణం కాదు.

ఇక లెక్క. దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీల్లో స్థానిక విద్యార్థులకు ట్యూషన్, ఫీజులు 2024-25లో సగటున ఏడాదికి 4,050 డాలర్లు. దీన్ని రెండేళ్ల కోర్సు అంటారు గానీ అనాటమీ, ఫిజియాలజీ వంటి సబ్జెక్టులు ముందుగా పూర్తిచేసి, మంచి గ్రేడ్లతో పోటీపడితేనే సీటు వస్తుంది కనుక మూడేళ్లని రాసుకో. అంటే ఫీజుకు 12 వేలు. పుస్తకాలు, యూనిఫారాలు, టీకాలు, పరీక్ష రుసుములు, ఆసుపత్రులకు తిరిగే పెట్రోలు కలిపి నేను మరో 4 వేలు వేసుకున్నాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల చదువుకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠ మొత్తం ఏడాదికి 7,395 డాలర్లు. మన ఆదాయానికి అందులో ఏమైనా వస్తుందో లేదో ఆ సహాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు నింపితేనే తేలుతుంది, కాబట్టి దాన్ని నిర్లక్ష్యం చేయకు.

అయితే అసలు పెద్ద ఖర్చు ఏ బ్రోషర్‌లోనూ కనబడదు. క్లినికల్ శిక్షణ మొదలయ్యాక ఆసుపత్రిలో జీతం లేకుండా పగలంతా నిలబడాలి. ఇప్పుడు ఫార్మసీలో గంటకు 18 డాలర్ల చొప్పున వారానికి 25 గంటలు చేస్తున్న నువ్వు, అప్పుడు 10 గంటలకు మించి చేయలేవు. వారానికి 270 డాలర్లు పోతే వంద వారాలకు 27,000. నువ్వు కట్టే ఫీజుకు ఇది రెండింతలకు పైనే. ఆ రెండేళ్లూ నీ కారు ఇన్సూరెన్సు, ఫోను బిల్లు నేను కడతాను. నువ్వు మొహమాటపడి రాత్రి షిఫ్టులు ఒప్పుకుని చదువు పాడుచేసుకోవద్దు.

రాబడి వైపు చూస్తే, కార్మిక శాఖ గణాంకాల ప్రకారం 2024 మే నాటికి రేడియాలజిక్ టెక్నాలజిస్టుల, అంటే ఎక్స్‌రేలు తీసేవాళ్ల, మధ్యస్థ వార్షిక జీతం 77 వేల డాలర్లకు పైగా ఉంది. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా తక్కువే తెచ్చుకుంటున్నారని. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా ఆ సగంలోనే ఉంటారు, రాత్రులూ శనాదివారాలూ వాళ్లకే పడతాయి. తరువాత సీటీ, ఎమ్మారైలలో అదనపు సర్టిఫికేషన్ సంపాదిస్తే జీతం పెరుగుతుంది. అదే డాక్టర్ల క్లినిక్‌లలో సాయంగా ఉండే మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థం 44 వేల దగ్గరే ఉంది. కొద్ది నెలల్లో అయిపోతుందని నీ స్నేహితురాలు చెప్పిన ఆ కోర్సు వైపు వెళ్లవద్దని నేననేది అందుకే.

ఇక్కడ మీ అమ్మ సంగతి చెప్పాలి. మనం ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు సంస్థలో 16 వేల డాలర్లు అప్పుచేసి ఆమె మెడికల్ అసిస్టెంట్ కోర్సు చదివింది. తరువాత శ్వాస సమస్యల చికిత్స నేర్పే రెస్పిరేటరీ థెరపీలో చేరదామని కౌంటీ కాలేజీకి వెళితే, ఆ కాగితాలు చూసి ఒక్క క్రెడిట్ కూడా లెక్కలోకి తీసుకోలేదు. వాయిదాలు మాత్రం ఆరేళ్లు కట్టాం. ఆమె దాని గురించి నీకెప్పుడూ చెప్పలేదు, నేను రాశానని అనకు.

అందువల్ల ఫోను మీద ఫోను చేస్తున్న ఆ ప్రైవేటు స్కూలుకు జవాబివ్వకు. వాళ్లు ఇదే చదువుకు చెప్పిన 46 వేలకూ, కౌంటీ కాలేజీకి పైన మనం వేసుకున్న 12, 4 కలిపి 16 వేలకూ మధ్య తేడా 30 వేలు. ఏడు శాతం వడ్డీకి పదేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు 348 డాలర్ల చొప్పున మొత్తం 41,800 దాకా కట్టాలి. ఎక్కడ చదివినా రాయవలసింది ఈ వృత్తికి సర్టిఫికెట్ ఇచ్చే ఏఆర్ఆర్‌టీ సంస్థ వారి అదే పరీక్ష, పేరు పక్కన వచ్చేదీ అవే అక్షరాలు. ఆ పరీక్షకు కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలన్న నియమం 2015 నుంచి ఉంది. ప్రోగ్రామ్‌కు, ఇలాంటి కోర్సులను పరిశీలించే జేఆర్‌సీఈఆర్‌టీ సంస్థ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకో. గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామ్ ఎంతమంది కోర్సు పూర్తిచేశారో, ఎంతమంది మొదటిసారే పరీక్ష పాసయ్యారో, ఎంతమందికి ఏడాదిలోగా ఉద్యోగం వచ్చిందో బహిరంగంగా ప్రకటించాలి. నేనైతే మొదటి అంకెనే ముఖ్యంగా చూస్తాను; సగంలో ఆగిపోయినవాళ్లకు ఫీజూ పోతుంది, జీతమూ రాదు.

మనకు గ్రీన్‌కార్డు రాకముందైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాకు కనీసం బ్యాచిలర్ డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగం కావాలి గనుక, తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి 21 ఏళ్లదాకానే ఉండే హెచ్-4 మీద, ఆ వయసుకు దగ్గరపడుతున్న పిల్లలకు ఈ చదువు ఉద్యోగ వీసా దారి చూపదు. మీ పెద్దమ్మ కొడుకు కూడా ఇదే అడుగుతున్నాడట, వాడికి ఈ సంగతి నువ్వే చెప్పు.

ముందుముందు బ్యాచిలర్ డిగ్రీ కావాలనిపిస్తే నీ క్రెడిట్లు ఎన్ని పనికొస్తాయో కౌన్సెలర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. వచ్చే శుక్రవారం నేను సెలవు పెడుతున్నాను. పది గంటలకు ఇద్దరం కలిసి కాలేజీకి వెళదాం, నీ ట్రాన్స్‌క్రిప్టు తీసి పెట్టుకో.

ఇట్లు,
మీ నాన్న